అమ్మొద్దన్నారు సరే, కట్టుకోవద్దని ఎవరన్నారు?

ఇల్లు కట్టుకోవడానికి అనుమతి అడగబోతే మన వాడల జనానికి మొదట వినిపించే మాట "డాక్యుమెంట్ తెచ్చుకో" అని. ఏ డాక్యుమెంటో విడమరిచి చెప్పే ఓపిక కుర్చీలో ఉన్నాయనకు ఉండదు. ఇంకోసారి అడిగే చనువు నిలబడ్డవాళ్లకు ఉండదు. రిజిస్ట్రేషన్ కాగితం కావాలట అని బయట జిరాక్స్ షాపు పిల్లగాడు చెప్తే తెలుస్తుంది. మన ఇళ్లలో ట్రంకు పెట్టె అడుగున పాలిథిన్ కవర్లో చుట్టి దాచిపెట్టుకున్నది డి-ఫారం పట్టా. మండల రెవెన్యూ అధికారి సంతకం, గుండ్రటి ముద్ర, సర్వే నంబరు, నాలుగు దిక్కుల హద్దులు అన్నీ దాని మీద ఉన్నాయి. సర్కారు ఇచ్చిన కాగితాన్ని సర్కారు ఆఫీసే కాగితం కాదంటోంది.

మేము ఈ వ్యాసం రాయడానికి కారణమైన ఇల్లు ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని ఒక చిన్న మున్సిపాలిటీలో ఉంది. 2018లో చుట్టుపక్కల ఊళ్లను కలిపి మున్సిపాలిటీ చేసేదాకా అది పంచాయతీ. మాదిగ వాడలో ఉండే ఆ అక్క వాళ్ల మామకు 1988లో 80 గజాల ఇంటి జాగా పట్టా వచ్చింది. తర్వాత బలహీన వర్గాల గృహ పథకం కింద ఒక గది, వరండా కట్టించారు. ఇప్పుడు ఆ స్లాబు పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయి. వాన పడితే మంచం ఏ మూలకు జరపాలా అని చూసుకోవడమే. కొడుకు డిగ్రీ అయిపోయి గ్రూప్స్‌కు చదువుతున్నాడు. పాత గది పడగొట్టి కింద రెండు గదులు, పైన ఒకటి వేయాలని అక్క చీటీ ఎత్తి డబ్బులు పెట్టుకుంది.

మామ చనిపోయాడు. ఆయనకు ఇద్దరు కొడుకులు. తెలంగాణలో 75 గజాల లోపు జాగాలో 7 మీటర్ల ఎత్తు మించని ఇంటికి అనుమతి అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలునని 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం చెప్పింది. అక్క వాళ్ల జాగా ఆ గీత మీద 5 గజాలు ఎక్కువ. కాబట్టి అనుమతి కావాలి, దానికి యాజమాన్య పత్రం కావాలి. అన్నదమ్ములు చెరి 40 గజాలు పంచుకుంటే గీత లోపలికి వస్తారు కదా అని మేమూ అనుకున్నాం. పంచుకున్నట్టు భాగ పత్రం రిజిస్టర్ కావాలి కదా. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోతే ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందన్నారు. భాగ పత్రం రిజిస్టర్ కాదు. అది కాకపోతే జాగా 80 గజాలుగానే ఉంటుంది. 80 గజాలైతే డాక్యుమెంట్ తెమ్మంటారు. అక్క ఈ రెండు ఆఫీసుల మధ్య నాలుగు నెలలు తిరిగింది. కూలి పోగొట్టుకున్న రోజులు లెక్క పెట్టుకోలేదంది. ఇన్ని నెలల్లో ఒక్కరు కూడా "కుదరదు" అని రాసి ఇవ్వలేదు. అంతా నోటి మాటే.

ఈ నోటి మాట వెనక ఉన్న చట్టమేమిటో చూద్దాం. నిషేధిత జాబితా అంటే రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింద సబ్ రిజిస్ట్రార్లకు పంపే సర్వే నంబర్ల చిట్టా. 2007లో వచ్చిన ఆ సెక్షన్ ఆపేది దస్తావేజుల రిజిస్ట్రేషన్‌ని. గోడ లేపడాన్ని కాదు. అసైన్డ్ భూముల బదిలీని నిషేధించిన 1977 చట్టం (1977లో 9వ చట్టం) కూడా అంతే. అప్పు కిందో, భయపెట్టో, ఒక సీసా తాగించో వేలిముద్ర వేయించుకుని పేదల భూములు లాక్కునే వాళ్లను ఆపడానికి వచ్చిన చట్టం అది. చేతులు మారిన భూమిని వెనక్కి తీసుకుని అసలు పట్టాదారుకు ఇప్పించే అధికారం కూడా అందులో ఉంది. ఇంటి పట్టాల మీద కూడా అదే షరతు అచ్చయి ఉంటుంది: వారసులు అనుభవించవచ్చు, అమ్మకూడదు.

అక్క దగ్గరున్న పట్టా మీద ఇంకో షరతు కూడా ఉంది. చాలా ఇంటి పట్టాల మీద అది కనిపిస్తుంది. నిర్ణీత గడువులో ఇల్లు కట్టుకోకపోతే పట్టా రద్దు చేస్తామని. చదవడం రాని ముసలాయనకు ఆనాడు కట్టకపోతే జాగా గుంజుకుంటాం అన్నారు. ఈనాడు ఆయన కోడలిని కట్టడానికి కాగితం ఏదీ అంటున్నారు. అమ్ముకునే హక్కు లేకపోవడాన్ని కట్టుకునే హక్కు లేకపోవడంగా మార్చేశారు. ఇది ఏ చట్టంలోనూ లేదు. రిజిస్టర్డ్ దస్తావేజు నంబరు వేయమనే గడిలో ఉంది, ఆ గడి నిండకపోతే ఫైలు ముందుకు కదపని అలవాటులో ఉంది. కొనుక్కున్నవాడే యజమాని, సర్కారు ఇచ్చింది అనుభవిస్తున్నవాడు దయకు బతికేవాడు అనే ఆలోచన నుంచి ఆ గడి పుట్టింది. మన వాళ్లలో జాగా కొనుక్కున్నవాళ్లు ఎందరు?

పట్టా కూడా లేనివాళ్ల సంగతి వేరు. పాత వాడలు చాలావరకు గ్రామకంఠంలో ఉంటాయి. గ్రామకంఠానికి ఇంటింటికీ విడివిడి రికార్డు ఉండదు. ఎన్ని తరాలుగా ఉంటున్నా చేతిలో ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు తప్ప ఏమీ ఉండవు. అయితే గ్రామకంఠం వాడకొక్కదానికే లేదు, ఊరికీ ఉంది. ఊరి నడుమ రెండంతస్తుల మేడలు, గేట్లు, ముందు కార్ల షెడ్లు, అవి కూడా గ్రామకంఠంలోనే లేచాయి. వాళ్ల దగ్గరా ఉన్నది ఇంటి నంబరు, పన్ను రసీదే. అక్కడ "కట్టుకోండి పటేలా" అన్న కార్యదర్శి ఇక్కడికొచ్చి డాక్యుమెంట్ అడుగుతాడు. గ్రామకంఠంలోని ఇళ్ల స్థలాలు సర్కారువి కావని, వాటిని నిషేధిత జాబితాలో పెట్టడం కుదరదని హైకోర్టు ఒకటికి పదిసార్లు చెప్పింది. 1905 నాటి భూ ఆక్రమణ చట్టం కూడా సొంత ఇంటి స్థలాన్ని, పెరడును సర్కారు భూమి లెక్కలోంచి తప్పించింది. కేంద్రం 2020 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన స్వామిత్వ పథకం ఈ గ్రామకంఠాలను డ్రోన్లతో కొలిచి ఆస్తి కార్డులు ఇస్తానంటోంది. సర్వే బృందం వచ్చిన రోజున పగటిపూట మన వాళ్లు కూలికి పోయి ఉంటారు. ఇల్లెవరిదని అడిగితే చెప్పేది ఎవరు, ఏమని చెప్తారు అనేది విద్యార్థులు పట్టించుకోవాల్సిన విషయం.

ఇక 75 గజాల మినహాయింపు. అనుమతి అక్కర్లేదనడం పేదలకు వరమని ప్రచారం చేశారు. లంచం తగ్గిందనేది నిజమే, కాదనం. కానీ అనుమతి అనేది అడ్డంకి మాత్రమే కాదు, రక్షణ కూడా. బ్యాంకు ఇంటి రుణానికి మంజూరైన ప్లాను అడుగుతుంది. రేపు రోడ్డు వెడల్పు చేస్తూ ఇల్లు తీసేస్తే నష్టపరిహారం లెక్కలోకి వచ్చేది అనుమతి ఉన్న కట్టడం. రూపాయి రసీదు ఈ రెండు చోట్లా చెల్లేది అనుమానమే. పైగా ఈ పద్ధతి అంతా స్వీయ ధ్రువీకరణ మీద నడుస్తుంది. జాగా నాదే, ఎక్కడా ఉల్లంఘన లేదు అని ఇంటి యజమాని తనకు తానే రాసివ్వాలి. అది తప్పని తేలితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం ఆ చట్టంలోనే ఉంది. రిజిస్టర్డ్ పత్రం ఉన్నవాడు ధ్రువీకరిస్తే ఎవరూ వేలు పెట్టరు. డి-ఫారం పట్టా మీద బతికేవాళ్లు ధ్రువీకరిస్తే, అది నీ జాగా ఎట్లయిందని అడిగేవాడు ఎప్పుడైనా రావచ్చు. ఇప్పుడు టీఎస్-బీపాస్ స్థానంలో బిల్డ్‌నౌ అనే కొత్త వేదిక తెచ్చారు. ప్లాను పరిశీలన నిమిషాల్లో అవుతుందంటున్నారు. మన దరఖాస్తు ఆగేది ప్లాను దగ్గర కాదు.

వాడ ఇంటికి ఇంకో చిక్కు సందు వెడల్పు. ఇంటి ముందు రోడ్డుకు నిబంధన కోరే వెడల్పు లేకపోతే రోడ్డు మధ్య నుంచి కొలిచి ఆ లోటు మన జాగాలోంచే వదలాలి. కాలనీ వేసినప్పుడు గీత గీసింది అధికారులే. రెండు ఎడ్ల బండ్లు ఎదురెదురుగా పోలేని సందు ఇచ్చింది వాళ్లే. 80 గజాల్లో ముందు వదిలి, వెనక వదిలితే మిగిలేది మెట్ల కిందకు సరిపోతుంది.

ఇందిరమ్మ ఇండ్ల దగ్గరికి వద్దాం. సొంత జాగా ఉన్నవాళ్లకు 5 లక్షలు. కనీసం 400 చదరపు అడుగులు కట్టాలి. డబ్బు ఒకేసారి రాదు, దశలవారీగా వస్తుంది. బేస్‌మెంట్ పూర్తయి ఫొటో ఎక్కితేనే మొదటి లక్ష. అంటే మొదటి పెట్టుబడి ఇంటివాళ్లదే, చీటీయో వడ్డీయో. ఈ దశలో ఎవరైనా ఒక్క ఫిర్యాదు పెట్టి పని ఆపిస్తే చాలు. బేస్‌మెంట్ ఆగితే బిల్లు ఆగుతుంది, తెచ్చిన అప్పుకు వడ్డీ మాత్రం ఆగదు. మంజూరు పత్రం చేతిలో ఉండి కూడా పునాది గుంతల్లో నీళ్లు నిలిచిన ఇళ్లు ఎందుకున్నాయని అడిగితే ఇదొక కారణం. జాగా నీదేనని ఏ కాగితంతో రుజువు చేస్తావు అనే ప్రశ్న ఇక్కడ కూడా మొదటి మెట్టు. ఒక పట్టాకు నలుగురు వారసులుంటే ఆ ప్రశ్న నాలుగింతలు అవుతుంది.

ఫిర్యాదు ఎవరు పెడతారో మనకు తెలుసు. అంబేడ్కర్ తన రచనల్లో ఊరు అంటరానివాళ్ల మీద పెట్టిన నిషేధాల చిట్టా ఇచ్చారు. మంచి బట్టలు, నగలతో పాటు ఇంటికి పెంకుల కప్పు వేసుకోవడం కూడా ఆ చిట్టాలో నేరమే. గుడిసె గుడిసెగానే ఉండాలి. ఊరి అనుమతి అనేది మున్సిపల్ అనుమతి కన్నా పాతది, దానికి దరఖాస్తు ఫారం లేదు. ఈరోజు పెంకుల మీద ఎవరూ మాట్లాడరు. కానీ వాడలో పైఅంతస్తు లేస్తుంటే ఇంకో రకం మాటలు మొదలవుతాయి. మా కిటికీకి గాలి రావడం లేదు. వాళ్ల మెట్టు దారిలోకి వచ్చింది. మిద్దె మీద నిలబడితే మా వాకిలి కనపడుతుంది. ఇది చివరికి సోమవారం ప్రజావాణిలో ఒక అర్జీగా, కోర్టులో ఒక ఇంజంక్షన్ పిటిషన్‌గా తేలుతుంది. అర్జీలో కులం మాట ఎక్కడా ఉండదు, సెట్‌బ్యాక్ అని ఉంటుంది. టౌన్ ప్లానింగ్ వాళ్లు వచ్చి సెంట్రింగ్ కర్రలు తీయించి పోతారు. అదే వీధి చివర ఊరివాళ్ల ఇల్లు సెట్‌బ్యాక్ అంతా మింగి కట్టి ఉన్నా అది వాళ్ల కంటికి ఆనదు.

ఇక్కడ మన చేతిలో ఉండి వాడని ఆయుధం ఒకటుంది. అట్రాసిటీ చట్టంలో 2016 జనవరి నుంచి అమల్లో ఉన్న రూపంలో 3(1)(క్యూ) సెక్షన్ ఏమంటుందంటే, అధికారికి తప్పుడు లేదా పసలేని సమాచారం ఇచ్చి, ఆయన అధికారం వల్ల ఎస్సీ, ఎస్టీలకు నష్టమో వేధింపో కలిగేలా చేయడం నేరం. దాని పక్కనే ఉన్న 3(1)(పి) వేధించడానికి వేసే తప్పుడు దావాల గురించి. జాగాలోంచి అక్రమంగా వెళ్లగొడితే, అనుభవానికి అడ్డుపడితే 3(1)(జి). అనుమతి ఇవ్వకపోవడమే అట్రాసిటీ అని మేము అనడం లేదు. నిజమైన ఉల్లంఘన మీద పెట్టిన ఫిర్యాదు నేరం కాదు కూడా. కానీ సర్వే చేసి కొలిస్తే అబద్ధమని తేలిన అర్జీ మీద, అర్జీదారుకు ఏమీ కాకుండా కొట్టేసి ఊరుకోవడం వేరు, ఆ అర్జీ నకలు ఆర్టీఐలో తీసుకుని స్టేషన్‌కు పోవడం వేరు. రెండోది మన వాళ్లు చేయడం చాలా అరుదు. కొట్లాట జరిగి రక్తం కారితే తప్ప ఆ చట్టం మనకు గుర్తు రావడం లేదు.

కూల్చివేతల సంగతి కూడా ఇందులోదే. 2024 నవంబరు 13న జస్టిస్ గవాయ్, జస్టిస్ విశ్వనాథన్‌ల ధర్మాసనం బుల్డోజర్ల మీద ఇచ్చిన తీర్పును మనమంతా పండగ చేసుకున్నాం. 15 రోజుల ముందస్తు నోటీసు, రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, ఇంటికి అతికించాలి, వాదన వినాలి, కూల్చేది వీడియో తీయాలి, తప్పు చేసిన అధికారి సొంత ఖర్చుతో తిరిగి కట్టించాలి. మంచి తీర్పే. అయితే అందులో ఒక మినహాయింపు ఉంది. రోడ్డు, వీధి, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క, నది, చెరువు లాంటి చోట్ల అనుమతి లేని కట్టడాలకు ఈ రక్షణ వర్తించదు. పేదల బస్తీలు ఎక్కడున్నాయి? చెరువు శిఖంలో, నాలా గట్టున, రైలు పట్టాల వెంట. మంచి జాగాలో ఎవరూ ఉండనివ్వలేదు కాబట్టే అక్కడున్నాయి. హైడ్రా వచ్చాక హైదరాబాద్‌లో ఈ మాటకు అర్థం అందరూ చూశారు. అనుమతి కాగితం ఉన్న విల్లావాళ్లు కోర్టుకు పోయేలోపు, ఏ కాగితమూ లేని రేకుల ఇంట్లోంచి గ్యాస్ సిలిండరు బయట పెట్టుకునే టైము కూడా దొరకదు.

ప్లాను దాటి అంతస్తులు లేపినవాళ్ల మీద మాత్రం రాజ్యానికి ఎప్పుడూ దయే. 2007 డిసెంబరు 31న జీవో 901తో బీపీఎస్ తెచ్చారు. తెలంగాణ వచ్చాక 2015లో జీవో 152తో బీఆర్ఎస్ తెచ్చారు. రుసుము కట్టు, తప్పు ఒప్పయిపోతుంది. ఆ పథకాల్లో చేరాలన్నా ముందు రిజిస్టర్డ్ పత్రం ఉండాలి. అంటే ఉల్లంఘించడానికి కూడా ఒక అర్హత కావాలి. 2020 ఆగస్టు 31 నాటి ఎల్ఆర్ఎస్ జీవో 131 మన వాళ్లలో కాస్త ఎదిగిన ఉద్యోగులను కూడా పట్టుకుంది. అనుమతి లేని వెంచర్‌లో జీతంలోంచి కూడబెట్టి 100 గజాలు కొన్న టీచర్లు, ఆర్టీసీ కండక్టర్లు క్రమబద్ధీకరణ రుసుము, దాని మీద 14 శాతం ఖాళీ స్థలం రుసుము కడితే తప్ప ఇల్లు లేపలేని స్థితి. వెంచర్ వేసి అమ్మి పోయినవాడిని ఎవరూ అడగలేదు.

అసైన్డ్ భూముల మీద పూర్తి హక్కులిస్తే ఈ గొడవంతా పోతుంది కదా అని కొందరు మిత్రులు అంటున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో అది చేశారు. 20 ఏళ్లు దాటిన అసైన్డ్ వ్యవసాయ భూములను నిషేధిత జాబితాలోంచి తీసి పట్టాదారులకు అమ్ముకునే హక్కు ఇచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక, ముందే తక్కువ ధరకు రాయించుకున్నవాళ్ల చేతుల్లోకి భూములు పోయాయన్న ఆరోపణల మీద ఆ రిజిస్ట్రేషన్లు ఆపేశారు. ఈ విషయంలో దళిత ఉద్యమంలోనే రెండు అభిప్రాయాలున్నాయి, ఉండనివ్వండి. మా మాట ఏమిటంటే, ఇల్లు కట్టుకోవడానికి అమ్ముకునే హక్కు అవసరం లేదు. రెండింటినీ ముడిపెట్టి అడిగితే సర్కారు మనకు ఇచ్చేది అమ్ముకునే హక్కే. ఎందుకంటే దానికోసం ఎదురుచూసేవాళ్లు మనకన్నా బలమైనవాళ్లు. మనం అడగాల్సింది చిన్నది. ఇంటి పట్టాను యాజమాన్య పత్రాల జాబితాలో చేర్చండి, వారసులకు కుటుంబ సభ్యుల ధ్రువపత్రం మీదే అనుమతివ్వండి, దానికి రిజిస్ట్రేషన్‌తో పని పెట్టకండి.

దీనికి కోర్టు బలం కూడా ఉంది. దళితుల ఇళ్ల కోసం ఉత్తరప్రదేశ్‌లో భూమి సేకరిస్తే భూస్వాములు సుప్రీంకోర్టుకు పోయిన చమేలీ సింగ్ కేసులో, 1995 డిసెంబరులో జస్టిస్ కె. రామస్వామి రాసిన తీర్పు నివాసాన్ని జీవించే హక్కులో భాగంగా చూసింది. నివాసమంటే తల మీద కప్పు ఒక్కటే కాదని, చాలినంత జాగా, గట్టి కట్టడం, గాలి, వెలుతురు, నీళ్లు, దారి అన్నీ అందులోకి వస్తాయని చెప్పింది. చేవెళ్ల ఆర్డీవో కేసులో 2004లో మన ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం, అసైన్డ్ భూమిని సర్కారు వెనక్కి తీసుకుంటే పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలంది. లాక్కునేటప్పుడు ఆస్తి అయిన కాగితం కట్టుకునేటప్పుడు ఆస్తి ఎందుకు కాదో ఏ ఆఫీసూ చెప్పలేదు.

అక్క విషయంలో చివరికి మేము చేసింది పెద్దదేమీ కాదు. పట్టా నకలు, మామ మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పదేళ్ల ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లు, మరిది రాసిచ్చిన సమ్మతి, అన్నీ జతచేసి తెల్లకాగితం మీద దరఖాస్తు రాశాం. పట్టా షరతు నంబరు వేసి, తిరస్కరిస్తే ఏ నిబంధన కింద తిరస్కరిస్తున్నారో రాతపూర్వకంగా తెలపమని కోరాం. తహసీల్దార్ ఆఫీసులో అసైన్‌మెంట్ రిజిస్టర్ నకలు కోసం, ఆ సర్వే నంబరును 22-ఏ జాబితాలోకి ఎవరు ఎప్పుడు పంపారో తెలిపే లేఖ కోసం ఆర్టీఐ వేశాం. వాడలో ఇంకో పదకొండు కుటుంబాలది ఇదే సర్వే నంబరు, ఇదే కష్టం. వాళ్లవీ రాయిస్తున్నాం. ఈ పని ఏ వాడలోనైనా ఇద్దరు డిగ్రీ పిల్లలు ఒక ఆదివారం కూర్చుంటే అయ్యేదే.

ఇన్‌వార్డ్ సెక్షన్‌లో మొదట దరఖాస్తు తీసుకోలేదు. ఆన్‌లైన్‌లో వేసుకోండి అన్నారు. ఆన్‌లైన్‌లో దస్తావేజు నంబరు లేనిదే ముందుకు పోవడం లేదని అక్కడే ఫోన్‌లో చూపించాం. నలుగురం అక్కడే నిలబడ్డాక నంబరు వేసి రసీదు ఇచ్చారు. అక్క ఆ రసీదును పట్టా ఉన్న కవర్లోనే పెట్టుకుంది. ఆర్టీఐకి ఇంకా పన్నెండు రోజుల గడువుంది. స్లాబు కింద మేస్త్రీ రెండు సర్వీ బాదులు ఆనించి పోయాడు.